అప్‌డేట్: చెరువు శాంపిల్‌లో అన్నీ ఎర్ర పురుగులే, నీళ్లు పాడైనట్టేనా?

మా ఊరి చెరువులో వల వేస్తే ఎర్ర పురుగులు తప్ప ఏం రావట్లేదు, బీఎండబ్ల్యూపీ స్కోర్ (దొరికిన పురుగుల రకాల్ని బట్టి నీటి శుభ్రతకి వేసే మార్కులు) మరీ తక్కువొస్తోందని అడిగింది నేనే, విషయం తేలింది, అందరికీ థాంక్స్ అండి. "బురద ఒక్కటే కాదు, అంచున తూటికూర వేళ్ల మధ్య కూడా వల ఆడించండి" అన్న సలహానే పనిచేసింది. తెల్ల ట్రేలో గుమ్మరించి కాసేపు కదపకుండా వదిలేస్తే తూనీగ పిల్లలు, సన్నటి మూడు తోకల మేఫ్లై (నీళ్లలో పెరిగే ఓ రెక్కల పురుగు) పిల్లలు, నత్తలు ఒక్కోటీ కదలడం మొదలెట్టాయి.

జువాలజీ మేడమ్‌కి చూపిస్తే ఆ ఎర్రవి కైరోనమిడ్ (కుట్టని, దోమలాంటి పురుగు) లార్వాలన్నారు, ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ తక్కువున్న బురదలోనూ బతికేస్తాయట, అవి ఉండటం వింతేం కాదు, మిగతా రకాలేవీ లేకపోతేనే అనుమానించాలట. పైగా బీఎండబ్ల్యూపీ బ్రిటన్ నదుల కోసం చేసింది, అందులో 10 మార్కులు తెచ్చే స్టోన్‌ఫ్లైలని (శుభ్రంగా పారే నీళ్లలో పెరిగే పురుగులు) మన నిలవ నీళ్లలో వెతకడమే దండగ. మన సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు పద్ధతిలో సాప్రోబిక్ స్కోర్‌తో (ఏ పురుగు ఎంత మురికిని తట్టుకుంటుందో దాన్ని బట్టి వేసేది) పాటు డైవర్సిటీ స్కోర్ (పురుగుల్లో ఎంత వైవిధ్యం ఉందో చెప్పేది) కూడా చూస్తారు, అలా లెక్కేస్తే చెరువు మధ్యరకం, మురుగు కాలువ కలిసే మూల మాత్రం ఘోరం, అక్కడ ఏ మొక్క కింద చూసినా ఎర్రవే.

నీటి పెంకుపురుగుల్ని లెక్కపెట్టమన్న సలహా మాత్రం ఉపయోగపడలేదు, అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి కదా, నీళ్లలో ఆక్సిజన్ సంగతి వాటివల్ల తెలీదు.