మిడి కీబోర్డు: 25 చిన్న కీసా, 49 పెద్ద కీసా? మౌస్‌తో గీసీ గీసీ విసిగిపోయాను

మౌస్_కూలీ:
అందరికీ నమస్కారం. ఏడాదిగా రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ట్యూన్లు కట్టుకుంటున్నాను, అదీ మొత్తం మౌస్‌తోనే. నోట్లని గళ్ల మీద చూపించే పియానో రోల్‌లో ఒక్కో నోటూ గీయడం, లాగి పొడుగు చేయడం, మళ్లీ నోటు బలం చెప్పే వెలాసిటీ గీతల్ని ఒక్కొక్కటే పైకీ కిందికీ జరపడం. నిన్న రాత్రి ఎనిమిది బార్ల పియానో ముక్కకి రెండు గంటలు పట్టింది. తీరా వింటే టైప్‌రైటర్ కొట్టినట్టుంది. ఇక కంప్యూటర్‌కి తగిలించే మిడి కీబోర్డు కొనాల్సిందే.

డబ్బు మాత్రం ఆచితూచి పెట్టాలి. చూసి పెట్టుకున్నవి అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్ 3, ఎం-ఆడియో కీస్టేషన్ 49. మొదటి రెండింటికీ 25 చిన్న కీస్, వేళ్లతో కొట్టే ప్యాడ్లు, తిప్పే నాబ్‌లు. మూడోదానికి 49 పెద్ద కీస్, ప్యాడ్లు లేవు. చిన్నప్పుడు రెండేళ్లు కీబోర్డు నేర్చుకున్నాను. ఎడమ చేత్తో కార్డ్స్ (కలిపి నొక్కే నోట్లు) పట్టగలను, కుడి చెయ్యి ఇంకా తడబడుతుంది. డ్రమ్స్ కూడా చేస్తాను. టేబుల్ మీద జాగా అంతంతమాత్రం. ఇంకో సందేహం, నవ్వకండి. వీటిలో సొంతంగా సౌండ్ ఉండదట, నిజమేనా?

పాత_హార్మోనియం:
నవ్వడమెందుకండీ, మొదటిరోజు నేనూ ఇయర్‌ఫోన్ ఎక్కడ గుచ్చాలా అని వెనకంతా తడిమాను. మామూలుగా ఉండదు. కీ నొక్కితే అది కంప్యూటర్‌కి చెప్పేది ఏ నోటు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. ఆ వేగమే వెలాసిటీ, 1 నుంచి 127 దాకా. మీరు మౌస్‌తో జరుపుతున్న గీతలు అవే. మోగేది సాఫ్ట్‌వేర్‌లోని వాయిద్యం.

రెండు చేతులూ వాడతానన్నారు కాబట్టి నా ఓటు 49కే. నేను మొదట 25 చిన్న కీస్‌ది కొని అనుభవించాను (మీ జాబితాలోది కాదు, పాతది). ఎడమ చేత్తో సి మేజర్ కార్డ్ పట్టుకుంటే కుడి చేతికి ఒకటిన్నర స్థాయి కూడా మిగలదు. స్థాయి మార్చే ఆక్టేవ్ బటన్ ఉందిగా అంటారు. అది నొక్కితే కీబోర్డు మొత్తం జరుగుతుంది, ఎడమ చేతి కింద ఉన్న కార్డ్ కూడా పైకి పోతుంది. దాంతో ఒక చేతిది ముందు, రెండో చేతిది తర్వాత రికార్డ్ చేయడం అలవాటైంది. ఆర్నెల్లకి చూసుకుంటే రెండు చేతులూ కలిపి వాయించడం మరిచిపోయాను.

పిచ్ బెండ్ (మోగే స్వరాన్ని పైకీ కిందికీ వంచేది) సంగతి కూడా చూసుకోండి. కీస్టేషన్‌కి చక్రం ఉంటుంది, ఎంపీకే మినీ పాత మోడళ్లకి జాయ్‌స్టిక్, మినీల్యాబ్‌కి వేలితో రాసే పట్టీ. నాకు వేణువులో గమకాలు పలికించే పిచ్చి. వదలగానే దానంతటది మధ్యకి వచ్చేసే చక్రం లేకపోతే నా చేతికి నిలకడ రాదు. మీకు ఆ పిచ్చి లేకపోతే ఈ పేరా వదిలేయండి.

కొనేముందు ఒక పని చేయండి. పెద్ద కీస్‌లో ఒక స్థాయి, అంటే ఏడు తెల్ల కీస్, సుమారు 16.5 సెంటీమీటర్లు. పేపర్ మీద నాలుగు స్థాయిలు, చివర ఇంకో కీ గీయండి. 68 దాకా వస్తుంది. ఎడమ పక్క చక్రాలకి ఇంకో పదమూడు కలపండి. టేబుల్ మీద పరిచి మౌస్‌కి చోటుందో లేదో చూడండి.

రాత్రి_బీట్లు:
హార్మోనియం గారూ, అది వాయించేవాళ్ల మాట. నాలా ముక్కలు పేర్చేవాళ్లకి చిన్నదే హాయి, ఒళ్లో పెట్టుకుని కూడా పని అవుతుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల జోడు) గబగబా కొట్టాలంటే రెండు వేళ్లూ ఒకే ప్యాడ్ మీద ఆడాలి, కీ మీద ఆ సుఖం రాదు. కాకపోతే తక్కువ ధర ప్యాడ్లు మెత్తగా తడితే పలకవు, గట్టిగా బాదాలి. సెట్టింగుల్లో సెన్సిటివిటీ పెంచితే కొంత నయం. నొవేషన్ లాంచ్‌కీ మినీకి 16 ప్యాడ్లుంటాయి, కానీ దాని అసలు మజా ఏబుల్టన్ అనే సాఫ్ట్‌వేర్‌తో. రీపర్ వాడే మీరు దానికోసం డబ్బు పెట్టకండి.

కేబుల్_బాబాయ్:
ఏది కొన్నా మొదటిరోజు నాలా గాభరా పడకండి. కీ నొక్కాక సౌండ్ ఆలస్యంగా వస్తోందని కొత్త కీబోర్డుని వెనక్కి పంపేశాను. మార్చి పంపిందీ అంతే. అప్పుడు బుద్ధి వచ్చి ఆడియో సెట్టింగులు చూస్తే బఫర్ (సౌండ్‌ని పంపేముందు పోగుచేసే ముక్క సైజు) 1024 శాంపిళ్ల మీద ఉంది. సెకనుకి 44,100 శాంపిళ్ల రేటుకి అదొక్కటే 23 మిల్లీసెకన్లు. 128కి దించితే 3 లోపే. పటపటమని చప్పుళ్లొస్తే 256కి పెంచండి. విండోస్ అయితే ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ పెట్టుకోండి. పాపం, ఆ కీబోర్డు ఏ తప్పూ చేయలేదు.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ప్రతి కీనీ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి రికార్డ్ చేయండి. ఏదైనా కీ ఎంత మెల్లగా నొక్కినా 127 చూపిస్తోందంటే లోపల కాంటాక్ట్ పోయినట్టే, వదిలేయండి. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు మొదటి ఓనర్ పేరునే రిజిస్టర్ అయి ఉంటుంది.

మౌస్_కూలీ:
పేపర్ పరిచాను. 81 సెంటీమీటర్లు, నా టేబుల్ 90. మౌస్ గాల్లో తిప్పుకోవాలి. కానీ మానిటర్‌ని గోడకి జరిపితే కీబోర్డు ముందు మౌస్ ప్యాడ్ అడ్డంగా సరిపోతోంది. ఇంకో సంగతి, ఆ కాగితం మీదే పావుగంట వాయించాను. ఎడమ చెయ్యి తన చోటు తనే వెతుక్కుంది. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయారు.

కీస్టేషన్ 49కే ఫిక్స్. డ్రమ్స్ కీస్ మీదే కొడతాను. కిక్ నోటు నంబర్ 36, స్నేర్‌ది 38, పక్కపక్క తెల్ల కీసే కదా. కీ వదిలాక కూడా నోటుని మోగించే సస్టెయిన్ పెడల్ పాతదొకటి ఉంది, పనికొస్తుందా?

కేబుల్_బాబాయ్:
చాలావరకు వస్తుంది. తొక్కితే ఆగి, వదిలితే మోగుతోందంటే పెడల్ పాడైందనుకోవద్దు, పోలారిటీ, అంటే ఆన్-ఆఫ్ దిశ, తిరగబడిందంతే. యూఎస్‌బీ పీకి, పెడల్ తగిలించి, దాని మీద కాలు పెట్టకుండా మళ్లీ యూఎస్‌బీ పెట్టండి. ఆన్ అయ్యేటప్పుడు కీబోర్డు పెడల్‌ని చూసుకుంటుంది.