మార్సెయ్ పుట్టుక కథలో నిజమెంత?

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం తొలినాళ్ల గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. క్రీ.పూ. 600 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ తీరంలోని ఫొకాయా నుంచి వచ్చిన గ్రీకులు మస్సాలియా పేరుతో ఈ రేవును స్థాపించారు. స్థానిక సెగోబ్రిగెస్ తెగ రాజు నన్నుస్ కూతురు గిప్టిస్, పెళ్లి విందులో తనవాళ్లందరినీ కాదని, అతిథిగా వచ్చిన ప్రోటిస్‌కు నీళ్లు అందించి వరుడిగా ఎంచుకుందట. అచ్చం మన స్వయంవరమే! అరిస్టాటిల్ చెప్పిన కథలో మాత్రం పేర్లు వేరు, అమ్మాయి పెట్టా, వరుడు యూక్సెనోస్. పైగా మొదటి కథలోనే, నన్నుస్ పోయాక అతని కొడుకు కోమానుస్ ఇదే గ్రీకుల మీద దాడికి పథకం వేశాడని కూడా ఉంది.

నా సందేహం ఇదీ. పెళ్లి కథ పక్కన పెడితే, ఆ సెగోబ్రిగెస్ తెగవాళ్లూ గ్రీకులూ నిజంగా కలిసిమెలిసి బతికారా? తవ్వకాల్లో దొరికినవి ఏం చెబుతున్నాయి? 1967లో పాత రేవు దగ్గర బయటపడిన ప్రాచీన కట్టడాలు, 1993లో దొరికిన గ్రీకు పడవల గురించి చదివాను. అవన్నీ వచ్చినవాళ్ల సంగతులే. అప్పటికే అక్కడున్నవాళ్ల వైపు నుంచి తెలుసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. ఫ్రెంచ్ రాదు, ఇంగ్లిష్‌లో మంచి పుస్తకమో వ్యాసమో తెలిస్తే చెప్పండి ప్లీజ్.