పీఎస్‌డీ ఆల్బమ్ పేజీలను ఆన్‌లైన్‌లో జేపీజీ చేస్తే తెల్లగా వస్తున్నాయి

ప్రశ్న (పాలకొల్లు నుంచి): పెళ్లి ఆల్బమ్ పేజీలు స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో పీఎస్‌డీలుగానే (ఫోటోషాప్ ఫైళ్లు) ఇచ్చారండి. 12×36 అంగుళాల పేజీలు, ఒక్కోటి 400 ఎంబీ పైనే. మా దగ్గర ఫోటోషాప్ లేదు. ఓ కన్వర్టర్ సైట్‌లో వేస్తే కొన్ని ఎక్కనే లేదు, ఒకటి తెల్ల కాగితంలా వచ్చింది, ఇంకొకటి ముక్కలు ముక్కలుగా బోలెడు బొమ్మలై దిగింది. అమెరికాలో ఉన్న మావాళ్లకి వాట్సాప్‌లో పంపాలి. దారి చెప్పండి.

జవాబు (భీమవరం నుంచి): ఎక్కకపోవడానికి కారణం సైజు పరిమితి. మిగతా రెండిటికీ మూలం ఒకటేనండి. పీఎస్‌డీ లోపల లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మల, అక్షరాల పొరలు, విడివిడిగా ఉంటాయి, వాటితోపాటు అన్నీ కలిపిన బొమ్మ ఒకటి ఉంటుంది. ఫోటోషాప్‌లో సేవ్ చేసేటప్పుడు 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' టిక్ ఉంటేనే ఆ కలిపిన బొమ్మ సరిగా పడుతుంది. ఫైలు బరువు తగ్గుతుందని కొందరు ఆ టిక్ తీసేస్తారు. అప్పుడు ఆ చోట ఖాళీ తెలుపే మిగులుతుంది. చాలా కన్వర్టర్లు లేయర్ల జోలికి పోకుండా ఆ బొమ్మనే తీసి ఇస్తాయి కాబట్టి మీకు తెల్ల కాగితం వచ్చింది. ముక్కలుగా ఇచ్చిన సైటు లేయర్‌కో బొమ్మ చొప్పున దించింది. అందులో పేరు చివర 0 ఉన్న ఫైలు చూడండి, సాధారణంగా కలిపిన బొమ్మ అదే.

మీ పనికి ఫోటోపీ డాట్ కామ్ (photopea.com) వాడండి. అది లేయర్లను తనే చదివి కలుపుతుంది. పైగా ఫైలు ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇంటి ఆడపిల్లల ఫోటోలు ముక్కూ మొహం తెలియని సైట్లకి ఎక్కించకండి, దయచేసి.

ఫైల్ మెనూలో ఓపెన్ కొట్టి పీఎస్‌డీ ఇవ్వండి. పేజీ పూర్తిగా వచ్చాక నాలుగు మూలలూ, అక్షరాలూ పెద్దవి చేసి చూసుకోండి. తర్వాత ఫైల్, ఎక్స్‌పోర్ట్ యాజ్, జేపీజీ. క్వాలిటీ 90 పెట్టండి. 100 పెడితే బరువు బాగా పెరుగుతుంది, కంటికి తేడా తెలియదు. ఫోన్లో చూడటానికే అయితే అక్కడే వెడల్పు 4000 చేయండి, ఎత్తు దానంతటదే తగ్గుతుంది.

ఇది ఫోన్‌లో చేయొద్దండి. 12×36 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10800×3600 పిక్సెళ్లు. పేజీ నిండా పరుచుకున్న ఒక్కో లేయరూ మెమరీలో 150 ఎంబీ పైనే తింటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో, మిగతా ట్యాబులన్నీ మూసేసి, ఒక్కో ఫైలే తెరవండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక దాన్ని మూసి ఇంకోటి.

జవాబు (అమలాపురం నుంచి): అక్షరాల సంగతి ఒకటి. మన స్టూడియోల్లో వధూవరుల పేర్లు చాలావరకు అను ఫాంట్లలో కొడతారు. అవి యూనికోడ్ కావు, అంటే ఆ ఫాంట్ ఉంటేనే తెలుగుగా కనిపిస్తాయి. ఫాంట్ లేదని హెచ్చరిక వచ్చినా కంగారు పడక్కర్లేదు, టెక్స్ట్ లేయర్‌ని ముట్టుకోకుండా ఎక్స్‌పోర్ట్ చేసేయండి. అందులో క్లిక్ చేసి ఒక్క అక్షరం మార్చబోయారంటే 'చి.ల.సౌ.' కాస్తా ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి అయిపోతుంది. అలా అయితే సేవ్ చేయకుండా మూసి మళ్లీ తెరవండి. మార్చక తప్పదంటే అదే ఫాంట్ ఫైలు స్టూడియోవాళ్లని అడిగి తెచ్చి, ఫోటోపీ కిటికీలోకి లాగి వదలండి.

జవాబు (తణుకు నుంచి): జేపీజీ దిగాక రంగులు కూడా చూసుకోండి. మొహాలు నెగెటివ్‌లా గాని, కళ్లు చెదిరే రంగుల్లో గాని కనిపిస్తే ఆ జేపీజీ ప్రింటింగ్ కోసం వాడే సీఎంవైకేలో ఉన్నట్టు. చాలా ఫోన్లు దాన్ని సరిగా చూపించవు. కన్వర్టర్ ఏదైనా రంగుల పద్ధతి అడిగితే ఫోన్లూ కంప్యూటర్లూ వాడే ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. అయితే ఒకటి, పీఎస్‌డీయే సీఎంవైకేలో తయారైతే కుంకుమ ఎరుపు, చిలకపచ్చ పట్టుచీర అంచు అప్పటికే కొంత చప్పబడి ఉంటాయి. జేపీజీ చేసినంత మాత్రాన ఆ మెరుపు తిరిగి రాదు. మెరుపు కావాలంటే కెమెరా ఒరిజినల్సే అడగాలి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్లీ నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న (పాలకొల్లు నుంచి): ఫోటోపీలో తెల్లగా వచ్చిన పేజీ కూడా చక్కగా తెరుచుకుందండి. ఇంకో రెండు. పేజీ మూలనున్న వినాయకుడి బొమ్మ ఒక్కటే శుభలేఖకి కావాలి. జేపీజీ చేస్తే చుట్టూ తెల్ల డబ్బా వస్తోంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి 10×6 అడుగుల ఫ్లెక్సీ కూడా వేయించాలి, ఎంత సైజు ఇవ్వాలి?

జవాబు (భీమవరం నుంచి): జేపీజీలో పారదర్శకత ఉండదండి, ఆ ఖాళీని ఏదో ఒక రంగుతో నింపాల్సిందే. లేయర్ల జాబితాలో వినాయకుడి లేయరు తప్ప మిగతా వాటి కళ్ల గుర్తులు ఆపేయండి, బ్యాక్‌గ్రౌండ్‌తో సహా. వెనక బూడిద, తెలుపు గళ్లు కనిపించాలి. ఇమేజ్ మెనూలో ట్రిమ్ కొట్టి, పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈ మార్పులతో పీఎస్‌డీని మాత్రం సేవ్ చేయకండి.

ఫ్లెక్సీకి 300 డీపీఐ దండగ, దూరం నుంచి చూసేదే కదా. అంగుళానికి 72 చొప్పున 8640×5184 పిక్సెళ్లు సరిపోతుంది. కానీ ఆల్బమ్ పేజీలోంచి కత్తిరించిన చిన్న మొహాన్ని అంతకి సాగదీస్తే మసకే వస్తుంది, ఫ్లెక్సీ మీద వేసే ఫోటో విడిగా ఒరిజినలే ఇవ్వండి. జేపీజీ కావాలో టిఫ్ కావాలో, ఆర్‌జీబీయో సీఎంవైకేయో ముందే ఫ్లెక్సీ షాపువాళ్లని అడగండి, మెషీన్‌ని బట్టి ఉంటుంది.