కొత్త ఎస్-101 చార్టులు: ఓడల మీద ఉన్నవాళ్లు అనుభవాలు చెప్పండి

భీమిలి_నావికుడు
నమస్కారం. బల్క్ క్యారియర్‌లో సెకండ్ ఆఫీసర్‌ని. పాసేజ్ ప్లాను (ఓడ వెళ్లే దారి గీయడం), చార్టుల (సముద్రపు పటాల) అప్‌డేట్లు నా బాధ్యతే. వచ్చే డ్రై డాక్‌లో (ఓడను నీళ్ల నుంచి తీసి మరమ్మతు చేసేటప్పుడు) పాత ఎక్డిస్, అంటే చార్టులు చూపే ఎలక్ట్రానిక్ యంత్రం, తీసేసి కొత్త ఎస్-101 చార్టులు చదివే ఎస్-100 రకం పెడతామని మా కంపెనీ సర్క్యులర్ పంపింది. 2026 జనవరి 1 నుంచి ఇలాంటివి వాడుకోవచ్చు, 2029 జనవరి 1 నుంచి కొత్తగా అమర్చేవన్నీ ఇదే రకం కావాలి అన్నంతవరకు తెలుసు. కానీ రాత్రి వాచ్‌లో (కాపలా వంతులో) ఓడ నడిపే బ్రిడ్జి మీద నిలబడినవాడికి ఏమి తేడా వస్తుందో సర్క్యులర్‌లో ఒక్క ముక్క లేదు. ఎవరైనా వాడి చూశారా? అసలు పనికొచ్చే మార్పు ఏది?

పాత_కెప్టెన్
తమ్ముడూ, ముందు సేఫ్టీ కాంటూర్ (మన ఓడకు చాలని నీళ్లను వేరుచేసే లోతు గీత) సంగతి చెబుతాను. నా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే.

మీ డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో మునిగే లోతు) 11 మీటర్లు అనుకోండి. స్క్వాట్ (వేగం వల్ల ఓడ మరికాస్త కిందికి దిగడం), కంపెనీ అడిగే అండర్ కీల్ క్లియరెన్స్ (ఓడ అడుగు కింద మిగలాల్సిన నీళ్లు) కలిపి సేఫ్టీ కాంటూర్ 13 అని పెడతారు. చార్టులో సాధారణంగా 13 మీటర్ల గీత ఉండదు. 10 ఉంటుంది, ఆ తర్వాత 20. అప్పుడు ఎక్డిస్ అంతకంటే లోతైన గీతను, అంటే 20 మీటర్లదాన్ని తీసుకుని దాన్నే లావుగా చూపిస్తుంది. రెండు రంగులే పెట్టుకున్న తెర మీద ఆ గీతకు ఒడ్డు వైపున్నదంతా నీలమే. 19 మీటర్ల నీళ్లూ నీలమే, 11 మీటర్ల నీళ్లూ నీలమే. రేవుకు దగ్గరయ్యేకొద్దీ ఆ నీలంలోనే నడపక తప్పదు. అలారం మోగుతూనే ఉంటుంది. మోగిన ప్రతిసారీ నొక్కి ఆపడం చేతికి అలవాటైపోతుంది. నన్ను భయపెట్టేది ఆ అలవాటే.

2013 సెప్టెంబరు 18న డోవర్ జలసంధిలో ఓవిట్ అనే కెమికల్ ట్యాంకర్ వార్న్ ఇసుక తిన్నె ఎక్కింది. దర్యాప్తు నివేదిక దొరుకుతుంది, తప్పకుండా చదవండి. ఒక జూనియర్ ఆఫీసర్ ఎక్డిస్‌లో గీసిన దారి నేరుగా ఆ తిన్నె మీదుగానే ఉంది. మాస్టర్ దాన్ని సరిచూడలేదు. సేఫ్టీ కాంటూర్ సరిగా పెట్టలేదు. అలారం శబ్దం పనిచేయడం లేదు. ఓడ తిన్నె మీద కూర్చుందని వాచ్‌లో ఉన్న ఆఫీసరుకు తెలియడానికి 19 నిమిషాలు పట్టింది. చార్టులో మాత్రం ఆ తిన్నె ఉండాల్సిన చోటే ఉంది!

కొత్త పద్ధతిలో ఎస్-101 చార్టుకు తోడుగా ఎస్-102 వస్తుంది. అది సముద్రపు అడుగును గడులు గడులుగా, ప్రతి గడికీ లోతుతో ఇస్తుంది. మీరు 13 అడిగితే 13 దగ్గరే గీత గీయవచ్చు. ఎస్-104 ఉంటే ఆ వేళకు పోటు ఎంతో, పాటు ఎంతో కూడా లెక్కలోకి వస్తుంది. నీలం అంటే నిజంగానే మన ఓడకు చాలని నీళ్లు అని అర్థం అవుతుంది. అప్పుడు మోగే అలారానికి విలువ ఉంటుంది.

సర్వే_లాంచి
కెప్టెన్ గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే గట్టిగా ఒక మాట అంటాను. గీత 13 దగ్గరే పడినంత మాత్రాన లోతు నిజమైపోదు. నేను రేవుల్లో లోతులు కొలిచే పని చేస్తాను. తెర మీద 13 అని కనిపించే అంకె కింద ఏ కాలపు సర్వే ఉందో చూడకుండా ఎవరూ దాన్ని నమ్మకూడదు.

కాట్‌జోక్ అని, ఏ ప్రాంతపు సర్వే ఎంత నమ్మదగ్గదో చెప్పే గ్రేడు ఉంటుంది కదా, దాన్ని లెక్క కట్టి చూడండి. ఏ1 ప్రాంతంలో లోతు తేడా అర మీటరు, దానికి తోడు లోతులో ఒక శాతం. 13 మీటర్ల దగ్గర అది 0.63 మీటర్లు. సి ప్రాంతంలో రెండు మీటర్లు, పైన ఐదు శాతం. అదే 13 దగ్గర 2.65 మీటర్లు. అంటే అక్కడ అసలు నీళ్లు పదిన్నరకు లోపే ఉండవచ్చు. చూపిన స్థానంలోనే 500 మీటర్ల వరకు తేడా ఉండవచ్చు. ఇప్పటి పాత రకం ఎస్-57 చార్టుల్లోనూ ఈ సమాచారం ఉంది. నక్షత్రాల గుర్తులతో తెర నిండిపోతుందని చాలామంది ఆపేసి ఉంచుతారు.

ఎస్-101లో నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. అడుగు కాలంతో పాటు మారుతుందా లేదా అన్నది కూడా చార్టు చేసేవారు నమోదు చేయవచ్చు: మారే అవకాశం లేదు, మారుతుంది కానీ పెద్దగా మేట వేయదు, మేట వేసే అవకాశం ఉంది, తుపాను వంటి తీవ్ర ఘటన జరిగింది, ఇలా. గోదావరి పాయలు కలిసే చోట, కాకినాడ హోప్ ఐలాండ్ అంచున పనిచేసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వరద తీశాక ఇసుక ఎక్కడ మేట వేసిందో కొలిస్తే తప్ప తెలియదు. విశాఖ రేవుకూ తీరం వెంబడి ఉత్తరానికి నడిచే ఇసుకతో ఏటా పోరాటమే. కొలిచే ఓడలూ పెరగాలి. 2024 ఫిబ్రవరి 3న విశాఖలో కొత్త ఐఎన్ఎస్ సంధాయక్ నౌకాదళంలో చేరినప్పుడు మా పనివాళ్లందరం సంతోషించాం.

తెర_మెకానిక్
ఎక్డిస్ సర్వీసు చేస్తాను. ఓడ మీదివాళ్లకు కనిపించని మార్పు ఒకటి. ఇప్పటివరకు ఏ గుర్తు ఎలా కనిపించాలో యంత్రం సాఫ్ట్‌వేర్‌లోనే బిగించి ఉండేది. 2017 ఆగస్టు 31 గడువుకు ఎస్-52 (ఆ గుర్తుల ప్రమాణం) కొత్త ఎడిషన్ వేయడానికి ఓడ ఓడకూ ఎక్కి దిగడం మాకు ఇంకా గుర్తే. ఎస్-100లో ఆ గుర్తుల పట్టిక కూడా విడి ఫైలుగానే వస్తుంది, యంత్రం దాన్ని చదువుకుంటుంది.

భీమిలి గారూ, పాత చార్టులు వెంటనే పోవు. కొత్త ఎక్డిస్ రెండు రకాలనూ చదవాలి. చాలాకాలం ఒక తీరంలో ఎస్-101, పక్క తీరంలో ఎస్-57 మీద నడుస్తారు. ఎస్-102 ఫైళ్లు పెద్దవి. శాటిలైట్ కనెక్షన్ బలహీనంగా ఉన్న ఓడలైతే రేవులో ఉన్నప్పుడే దించుకోవాలి.

ఉప్పాడ_మరబోటు
పెద్దలకు నమస్కారం. మాది చేపల బోటు. ఫోనులో ఒక యాప్ చార్టు చూసుకుని వెళ్తాం. ఇదంతా మాలాంటివాళ్లకు అందుతుందా?

సర్వే_లాంచి
నేరుగా కాదు తమ్ముడూ, ఈ నిబంధనలు పెద్ద ఓడలకు. కానీ మీరు ఇవాళే చేయగలిగినది ఉంది. యాప్‌లో చార్టును దూరం చేసి చూసినప్పుడు చిన్న తిన్నెలు, రాళ్లు మాయమవుతాయి. 2014 నవంబరులో వెస్టాస్ విండ్ అనే పందెపు పడవ మారిషస్ దగ్గర కార్గడోస్ కారాజోస్ పగడపు దిబ్బ ఎక్కి ధ్వంసమైంది. ఆ దిబ్బ వాళ్ల చార్టులో ఉంది, చూసిన స్కేలులో సరిగా కనిపించలేదు. వెళ్లబోయే దారి మొత్తాన్ని ముందురోజే దగ్గరగా జరుపుకుంటూ చూడండి.

భీమిలి_నావికుడు
అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి. నవ్‌టెక్స్ హెచ్చరికలు (ఓడలకు రేడియోలో వచ్చే సందేశాలు) ఇప్పటికీ చేత్తోనే ఎక్డిస్‌లో ఎక్కిస్తున్నాను. ఆ పని తగ్గుతుందా?

వాచ్_నాలుగు_ఎనిమిది
చీఫ్ ఆఫీసర్‌ని. దానికోసమే ఎస్-124 ఉంది. కేజీ బేసిన్‌లో చమురు రిగ్ చోటు మారిందని వాకలపూడి స్టేషన్ నుంచి సందేశం వస్తే, ఇప్పుడు మనం కాగితం చూసి అక్షాంశం, రేఖాంశం కొడుతున్నాం. ఒక్క అంకె అటూ ఇటూ అయితే రిగ్ వేరే చోట కనిపిస్తుంది. నా వాచ్‌లో థర్డ్ ఆఫీసర్ ఎక్కించిన ప్రతి హెచ్చరికనూ నేను పక్కన నిలబడి చదివించుకుంటాను. ఎస్-124లో ఆ హెచ్చరిక హద్దులతో సహా చార్టు మీదికే వస్తుంది. మన వైపు సముద్ర ప్రాంతమైన నావేరియా 8 హెచ్చరికల సమన్వయం డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానిది. అక్కడి నుంచి ఈ రూపంలో సందేశాలు అందేవరకు మీ నవ్‌టెక్స్ కాగితం ఫైలు చేస్తూనే ఉండండి.

డ్రై డాక్‌కు ముందు కంపెనీని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మీరు తరచూ వెళ్లే రేవుల్లో దేనికి ఎస్-102 దొరుకుతోంది, ఆ యంత్రం మీద శిక్షణ ఓడ కదలకముందే ఇస్తారా అని. సముద్రం మీదికి వెళ్లాక మాన్యువల్ చదువుతూ నేర్చుకునే స్థితి మీకు రాకూడదు.