హార్డ్ డిస్క్ ఫార్మాట్ చెయ్యమంటోంది, లోపల తాతయ్య పద్యాలున్నాయి. ఏం చెయ్యాలి?

కాలువగట్టు

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇంట్లో డెస్క్‌టాప్‌కి పెట్టుకునే 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఒకటుంది, 2013లో కొన్నది. ఈ మధ్య అది సరిగ్గా తెరుచుకోవడం లేదు. కేబుల్ పెట్టగానే లైటు వెలుగుతుంది, తిరుగుతున్న చప్పుడు మామూలుగానే వినిపిస్తుంది. కానీ డ్రైవు మీద నొక్కితే పైన పచ్చగీత నిదానంగా పాకుతూ ఉంటుంది, సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతుంది. చాలాసేపటికి, ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి అని ఒక మెసేజ్ వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు 931 జీబీ అని సరిగ్గానే చూపిస్తోంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉండాల్సిన చోట (అంటే ఫైళ్ళు అమర్చే పద్ధతి పేరు ఉండే చోట) మాత్రం రా (RAW) అని ఉంది. ఒక్కోసారి ఫోల్డర్ల పేర్లు కనిపిస్తాయి. ఏదో ఒకటి తెరవబోతే మళ్ళీ అంతా ఆగిపోతుంది.

ఫొటోల్లో కొన్ని చుట్టాల దగ్గర దొరుకుతాయి. చెల్లెలి పెళ్ళి వీడియో కూడా ఎలాగోలా అడిగి తెచ్చుకోవచ్చు. నా బాధంతా ఒక్క ఫోల్డర్ గురించే. మా తాతయ్య పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. మంచాన పడ్డాక కూడా ఓపిక ఉన్న రోజున పాడేవారు. అమ్మ పక్కన కూర్చుని పాత నోకియా ఫోన్లో రికార్డు చేసింది. హార్మోనియం లేదు, తాళం లేదు, మధ్యలో దగ్గు వస్తే ఆగి, మళ్ళీ అదే పాదం నుంచి ఎత్తుకునేవారు. ఆ ఫైళ్ళు ఇంకెక్కడా లేవు. ఫోన్ ఎప్పుడో పోయింది.

ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే, ముందు ఫార్మాట్ కొట్టి తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ పెడతాం, దాదాపు అన్నీ వచ్చేస్తాయి అన్నారు. నాకు మనసొప్పక డిస్కు వెనక్కి తెచ్చేసుకున్నాను. ఫార్మాట్ చేస్తే నిజంగానే వస్తాయా? ఇంట్లో నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

బెజవాడ గేమర్

అక్కా, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్, chkdsk) కొట్టండి, ఎఫ్, ఆర్ రెండు ఆప్షన్లూ పెట్టి. నా పెన్‌డ్రైవ్‌కి ఇలాగే వస్తే దాంతోనే సెట్ అయింది. టెన్షన్ పడకండి.

సోల్డరింగ్ బల్ల

అమ్మా, ముందు ఆ డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టండి. మిగతాది తర్వాత చదవండి.

నేను గుంటూరులో హార్డ్‌వేర్ సర్వీసులో చాలా ఏళ్ళు పని చేశాను. ఇలాంటి డిస్కులు నా బల్ల మీదకి వచ్చినప్పుడు సగం కేసుల్లో అసలు జబ్బు కన్నా, దానికి చేసిన వైద్యం వల్లే ఎక్కువ పోయి ఉండేది. డిస్కు బాగవడం వేరు, అందులో ఉన్నది బయటపడడం వేరు. మీకు కావలసింది రెండోది. అందుకని ఆ డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకూడదు. చదవడం మాత్రమే, అదీ వీలైనంత తక్కువసార్లు.

ఫార్మాట్ సంగతి. క్విక్ ఫార్మాట్ అయితే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికని కొత్తగా రాస్తుంది, పాత పట్టికలో కొంత దాని కింద పోతుంది. ఫైళ్ళు దొరికినా పేర్లు, ఫోల్డర్లు చెదిరిపోవచ్చు. క్విక్ అన్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే ఇంకేమీ మిగలదు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే డిస్కు మొత్తం సున్నాలు రాయడమే. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా రాదు. షాపులో కుర్రాడు ఏది నొక్కుతాడో మీకెలా తెలుస్తుంది? వెనక్కి తెచ్చుకుని మంచి పని చేశారు.

చెక్‌డిస్క్ చెప్పిన తమ్ముడికి: పెన్‌డ్రైవ్‌ని సరిగ్గా తియ్యకుండా లాగేస్తే పట్టిక చెదురుతుంది. అక్కడ చెక్‌డిస్క్ పని చేస్తుంది, అందుకే నీకు సెట్ అయింది. ఇక్కడ డిస్కు చదవలేక ఆగిపోతోంది. రా అని చూపిస్తున్నంతసేపూ చెక్‌డిస్క్ అసలు నడవదు, రా డ్రైవులకు కుదరదని చెప్పి ఆగిపోతుంది. భయం ఎక్కడంటే, ఈవిడ డిస్కు ఒక్కోసారి ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా కూడా కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు నడిపితే, చదవలేకపోయిన ఎంట్రీలను పాడైనవిగా లెక్కగట్టి తీసేస్తుంది, ముక్కలన్నీ ఒక ఫౌండ్ ఫోల్డర్‌లో పడేస్తుంది. తాతయ్యగారి పద్యాలను ఆ ముక్కల్లో వెతుక్కోవాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చెప్తాను. ముందు చప్పుడు. టక్, టక్, టక్ అని ఒకే తీరుగా కొట్టుకుని ఆగిపోతోందా? అయితే లోపల హెడ్డు, అంటే తిరిగే పళ్ళెం మీద డేటా చదివే ముల్లు, దెబ్బతిన్నట్టు. ఇంట్లో ఇంకేమీ చెయ్యొద్దు, కరెంటు కూడా ఇవ్వొద్దు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కి ఇవ్వాలి. ఎవరైనా మూత విప్పి చూస్తామంటే ఒప్పుకోకండి. పళ్ళెం మీద హెడ్డు కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, మన ఇళ్ళలో గాలిలో ఉండే దుమ్ము దానికి బండరాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే నడుస్తుందని కూడా చెప్తారు. మన ఉక్కకి బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఆ పని చెయ్యకండి.

సన్నగా "కీ" అని కూసి తిరగకుండా ఉండిపోతే చాలావరకు కరెంటు చాలకపోవడమో, హెడ్డు అతుక్కోవడమో. మీరు తిరుగుతోందన్నారు కాబట్టి అది కాకపోవచ్చు. అయినా కేబుల్ ఒకసారి మార్చి చూడండి. పాత యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీయాంపులు ఇస్తుంది, నీలం రంగుది 900. క్యాబినెట్ ముందు పోర్టుకి లోపల సన్న వైరు, దాని లూజు కనెక్షన్ అదనం. వెనక మదర్‌బోర్డు మీద ఉన్న నీలం పోర్టుకే పెట్టండి. హబ్ వద్దు.

ఆ తర్వాత డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంచుకుని, అప్పుడు డిస్కు పెట్టండి. ఎక్స్‌ప్లోరర్ తెరవొద్దు, ఫార్మాట్ మెసేజ్ వస్తే క్యాన్సిల్ కొట్టండి. అందులో 05, సీ5, సీ6 వరసల్లో ఉన్న అంకెలు, టెంపరేచర్ రాసుకుని డిస్కు తీసెయ్యండి. అంకెలు హెక్సాలో (కంప్యూటర్లు వాడే 16 లెక్కలో) కనిపిస్తాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ అని ఉంటుంది, అక్కడ 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెలవుతాయి. అవి ఇక్కడ పెట్టండి.

కాలువగట్టు

సోల్డరింగ్ బల్ల గారూ, మీరు ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. అమ్మకి చదివి వినిపించాను.

టక్ టక్ అని వరసగా కొట్టుకోవడం లేదు. తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఎప్పుడైనా ఒక చిన్న గీసుకున్న చప్పుడు, అంతే. కేబుల్ మార్చాను, వెనక నీలం పోర్టుకి పెట్టాను. ఇప్పుడు కొంచెం త్వరగా కనిపిస్తోంది కానీ తెరిస్తే బిగుసుకోవడం అలాగే ఉంది. పసుపు రంగులో కాషన్ అని చూపిస్తోంది. 05లో 16, సీ5లో 312, సీ6లో కూడా 312. టెంపరేచర్ 44. ఇది బాగా చెడిపోయినట్టా అండీ?

సోల్డరింగ్ బల్ల

బాగా చెడిపోలేదమ్మా. కానీ చెడిపోతోంది. చదవనిస్తున్నప్పుడే తీసుకోవాలి.

సీ5 అంటే డిస్కు చదవలేకపోయి, ఏం చెయ్యాలో తేల్చుకోకుండా పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న చిన్న గళ్ళు. వాటి మీద ఎవరైనా కొత్తగా రాసినప్పుడే డిస్కు తేల్చుకుంటుంది. రాత నిలిస్తే సరే, నిలవకపోతే ఆ చోటు వదిలేసి స్పేర్ సెక్టార్ వాడుకుంటుంది, అప్పుడు 05లో అంకె పెరుగుతుంది. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. డిస్క్ రిపేర్ అని దొరికే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పని ఆ సెక్టార్ల మీద రాయడమే. నడిపాక సీ5 సున్నా అవుతుంది, పసుపు పోయి నీలం వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ 312 సెక్టార్లలో ఉన్న మీ ఫైలు మాత్రం పోయినట్టే.

విండోస్‌లో ఫైళ్ళు లాగి కాపీ చెయ్యొద్దు. చెడ్డ చోటు తగిలితే విండోస్ అక్కడే పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివిస్తుంది, డిస్కు నలిగిపోతుంది. పాడవుతున్న డిస్కు నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ తీరు వేరే. చదవడానికి సులువుగా వచ్చేదంతా ముందు తీసేసుకుంటుంది, మొరాయించిన చోటు దాటిపోతుంది, ఎక్కడెక్కడ వదిలిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, మీరే ఆపినా, ఆ మ్యాప్‌ఫైల్ ఉంటే ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. అయినా యూపీఎస్ ఉంటే దాని మీదే పెట్టండి.

కావలసినవి: 2 టీబీ కొత్త డిస్కు ఒకటి, పెన్‌డ్రైవ్ ఒకటి. సిస్టమ్ రెస్క్యూ అనే ఉచిత లినక్స్ దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించండి. డీడీరెస్క్యూ, తర్వాత ఫైళ్ళు వెతికి తీసే టెస్ట్‌డిస్క్ రెండూ అందులోనే ఉంటాయి. సిస్టమ్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. గిగాబైట్ బోర్డుకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొడితే డిస్కులన్నీ సైజులతో కనిపిస్తాయి. 931 అన్నది మీ పాతది, 1.8 అన్నది కొత్తది. కంప్యూటర్ లోపలి డిస్కు కూడా 1 టీబీదే అయితే రెండు 931లు కనిపిస్తాయి, అప్పుడు మోడల్ పేరు చూసి తేల్చుకోండి. ఇక్కడ తొందరపడొద్దు.

కొత్త డిస్కుని మౌంట్ చేసి (వాడుకోవడానికి వీలుగా లినక్స్‌కి తగిలించి), పాత డిస్కు మొత్తాన్నీ ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, దాని మీదకి తీయండి. కమాండ్‌లో ముందు పాత డిస్కు, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర మ్యాప్‌ఫైలు. ఈ వరస తారుమారు కాకూడదు. మొదటి విడతకి మైనస్ ఎన్ (-n) పెట్టండి, గట్టి చోట్లని గీకకుండా వెళ్తుంది. అది పూర్తయ్యాక రెండో విడత మైనస్ ఆర్ 3 (-r3)తో, అంటే గట్టి చోట్లని మూడుసార్లు మళ్ళీ చదివించి. కొత్త డిస్కు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

నీలం పోర్టులో డిస్కు సరిగ్గా ఇస్తే మూడు గంటల పని. మీ డిస్కు అలా ఇవ్వదు, రాత్రంతా పడుతుందనుకోండి. డిస్కుని టేబుల్ మీద కదలకుండా పెట్టి ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి. చెయ్యి పెడితే బాగా కాలుతున్నట్టు ఉంటే ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టండి. టక్ టక్ మొదలైతే మాత్రం వెంటనే ఆపెయ్యండి, అక్కడితో ఇంటి వైద్యం అయిపోయినట్టే, ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే.

ఓరుగల్లు ఐటీ

పైన చెప్పిన దాంట్లో మార్చేది ఏమీ లేదు. ఇది చదివే మిగతావాళ్ళకి రెండు మాటలు. కొన్ని పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ సాకెట్ డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది. కొన్నింటిలో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డు మీది చిప్ డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది. అందుకని డబ్బా విప్పి లోపలి డిస్కుని నేరుగా కంప్యూటర్ లోపలి శాటా కేబుల్‌కి పెట్టేస్తే పనైపోతుందని ఎవరైనా చెప్తే, ఆ మోడల్ గురించి ముందు కనుక్కోండి. పాత బోర్డు పారెయ్యకండి.

ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని, చిప్‌లతో చేసిన డిస్కు) ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి అంతా వర్తించదు. అక్కడ ఫైలు డిలీట్ చేస్తే ట్రిమ్ అనేది ఆ చోటుని ఖాళీ చేయించేస్తుంది, తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తీయలేదు. విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ, 48 అంకెలది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ల్యాప్‌టాప్ బోర్డు పోయాక వెతికితే లాభం లేదు.

కాలువగట్టు

సోల్డరింగ్ బల్ల గారూ, వచ్చాయండీ!

మీరు చెప్పినట్టే రాత్రి మొదలుపెట్టాం. తమ్ముడు వీడియో కాల్‌లో ఉండి, నేను కొట్టిన ప్రతి కమాండ్‌ని ఎంటర్ నొక్కే ముందు చదివి చూశాడు. మొదట్లో చాలా నిదానంగా వెళ్ళింది, ఒక చోట దాటాక పరుగెత్తింది. రెండో విడత అయ్యేసరికి 99.99 శాతం రెస్క్యూడ్ అని చూపించింది. టెస్ట్‌డిస్క్‌లో ఆ ఇమేజ్ ఫైలు తెరిచి, క్విక్ సెర్చ్ కొట్టి, పీ నొక్కితే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. సీ నొక్కి అన్నీ కొత్త డిస్కులోకి తీసుకున్నాను. పెళ్ళి వీడియోలో తలంబ్రాల దగ్గర కాసేపు బొమ్మ చెదురుతోంది. తాతయ్య ఫోల్డర్‌లో ఫైళ్ళన్నీ ఉన్నాయి, వీఎల్‌సీలో అన్నీ మోగాయి. అమ్మ పక్కింటి వాళ్ళని కూడా పిలిచి వినిపించింది.

ఇవి ఏఎమ్ఆర్ (పాత ఫోన్లలో మాట రికార్డు చేసే రకం) ఫైళ్ళండీ. అమ్మ ఫోన్లో మోగడం లేదు. ఎంపీ3లోకి మారిస్తే గొంతు పాడవుతుందా? పాత డిస్కుని ఏం చెయ్యమంటారు?

సోల్డరింగ్ బల్ల

చాలా సంతోషం అమ్మా. పొద్దున్నే మంచి మాట విన్నాను.

అసలు ఏఎమ్ఆర్ ఫైళ్ళని అలాగే ఉంచండి, ముట్టుకోవద్దు. అమ్మగారి ఫోన్ కోసం కాపీలు చేసి వాటిని ఎంపీ3లోకి మార్చండి. ఆ ఫోన్ రికార్డింగులు గంటకి 6 ఎంబీ కూడా దాటవు, కాబట్టి ఎన్ని ఉన్నా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఒక మూలకి సరిపోతాయి. ఒక కాపీ అక్కడ, ఒకటి కొత్త డిస్కులో, ఒకటి తమ్ముడి దగ్గర. చెల్లెలికి కూడా పంపండి. ఏ పద్యం ఏ నాటకంలోదో అమ్మగారికి గుర్తున్నప్పుడే అడిగి ఫైలు పేర్లలో రాసెయ్యండి.

పాత డిస్కు ఇంక దేనికీ వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. ఇమేజ్ ఫైలు, మ్యాప్‌ఫైలు కూడా అప్పుడే చెరపొద్దు. ఫొటోలన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూశాక, ఏదైనా సగమే వచ్చిందని తేలితే, ఆ ఫొటో పేరు ఇక్కడ రాయండి. ఆ మ్యాప్‌ఫైల్‌తో ఆ ఒక్క చోటుని మళ్ళీ చదివించి చూద్దాం.