మిద్దె మీద వాతావరణ కేంద్రం: ఆల్-ఇన్-వన్ కొనాలా, విడివిడిగానా?

చిత్రావతి_గట్టు (అనంతపురం)
ఇల్లు రెండంతస్తులు, చుట్టూ ఇళ్లే. ఖాళీ జాగా అంటే మిద్దె ఒక్కటే. ఊరి బయట నాలుగెకరాల చేనుంది. అక్కడ కరెంటు ఉంది, వైఫై లేదు. వాన, ఉష్ణోగ్రత, గాలి మూడూ తెలియాలి. వాన లెక్క మాత్రం కచ్చితంగా కావాలి. అన్నీ ఒకే కడ్డీకి బిగించి వచ్చే ఆల్-ఇన్-వన్ తీసుకుని మిద్దె మీద పెట్టొచ్చా? మిద్దె మీద కొలిచింది అసలు కొలతే కాదని కొందరంటున్నారు. అంత తీసిపారెయ్యాలా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
అక్కర్లేదు. నియమం ప్రకారం వానమాపకం చుట్టూ అడ్డంకి ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఖాళీ ఉండాలి, వీలైతే నాలుగింతలు. పక్కింటి గోడ 7 మీటర్లుంటే 14 మీటర్లు వదలాలి. ఇరుకు వీధిలో అంత జాగా ఎవరికుంది? పెరట్లో వేపచెట్టు పక్కన, గోడ చాటున పెట్టిన మాపకం కన్నా మిద్దె నడుమ పెట్టిందే నయం.
రకం విషయానికొస్తే, కదిలే భాగాలు లేనిది చూడండి. ఎకోవిట్ డబ్ల్యూఎస్90 లాంటివి గాలిని చెవికి వినపడని ధ్వని, అంటే అల్ట్రాసోనిక్‌తో కొలుస్తాయి, వానను చినుకు తాకిడితో పసిగడతాయి. బేరింగు అరిగేది లేదు, గరాటు పూడేది లేదు. మన దుమ్ముకు అదే సరి.

శింగనమల_చెరువు (అనంతపురం)
బురుజన్నా, దుమ్ము సంగతి సరే, వాన సంగతి చెప్పు. ఆ సెన్సరు నీళ్లను పట్టి కొలిచేది కాదు, చినుకు దెబ్బను బట్టి అంచనా కట్టేది. సన్న తుప్పర పడితే దానికి తెలీదు. గాలికి కడ్డీ ఊగితే లేని వాన చూపిస్తాది. వాన లెక్కే ముఖ్యమన్న మనిషికి అంచనా యంత్రం ఎందుకప్పా?
ఇంగ మిద్దె. జూన్ నుంచి ఆగస్టు దాకా మన నైరుతి గాలి ఎట్లుంటాదో తెలియనిదా? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మాపకం నోటికి గాలి తగిలి పైకి ఎగదంతాది, చినుకులు లోపల పడకుండా పక్కకు కొట్టుకుపోతాయి. చినుకు ఎంత సన్నదైతే నష్టం అంత ఎక్కువ. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పెరుగుతాది. అందుకే ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాళ్ల మాపకం అంచు నేల నుంచి 30 సెంటీమీటర్లే ఉంటాది. మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. దాంట్లో పదో వంతు లెక్కకు రాకపోతే శెనక్కాయ విత్తే పదను అయ్యిందా లేదా అని ఏం చూసి చెప్తావు?
చేన్లో ఫైబరు మాపకం పాతిపెట్టు. భారత ప్రమాణం ఐఎస్ 5225 ప్రకారం చేసింది, 200 చదరపు సెంటీమీటర్ల నోరుండేది. దానికి 20 మిల్లీలీటర్లంటే 1 మిల్లీమీటరు వాన. కొలజాడీ మాత్రం దానికి సరిపడేదే ఉండల్ల. 100 చదరపు సెంటీమీటర్ల దాని జాడీ తెచ్చి కొలిస్తే వాన రెండింతలు కనపడతాది. చానా చోట్ల జరిగే తప్పు ఇదే.

కొండారెడ్డి_బురుజు
గాలి నష్టం నేనూ కాదనను. అది మిద్దె అంచున ఎక్కువ, నడుమ తక్కువ. పిట్టగోడకు తగిలిన గాలి పైకి లేచి అంచు దగ్గరే సుడి తిరుగుతుంది. పిట్టగోడకు పైపు కట్టేసి 'మిద్దె మీద కొలత తప్పు' అంటే ఆ తప్పు మిద్దెది కాదు. వానమాపకాన్ని గాలిమాపకంతో పాటు పైకెత్తకుండా విడిగా, మిద్దె నడిమధ్యన, పిట్టగోడ ఎత్తు దాటకుండా పెట్టాలి. పిట్టగోడ మీటరుంటే దానికి రెండు, మూడు మీటర్లు దూరం ఉండాలి.
చేన్లో పాతిన దాన్ని రోజూ పొద్దున 8:30కి ఎవరు పోయి కొలుస్తారు?

శింగనమల_చెరువు
విడిగా పెట్టమంటున్నావంటే ఆల్-ఇన్-వన్ వద్దన్నట్టే గదన్నా! 😀
రోజూ పోలేకపోతే లోపలి సీసా మూతి సన్నగా ఉండేది పెట్టి, రెండు చుక్కలు నూనె వెయ్యి. నీళ్లు ఆవిరి కావు. వారానికోసారి కొలిచినా మొత్తం లెక్క దక్కుతాది. ఏ రోజు ఎంతనేది మాత్రం తెలీదు.

గండికోట_గాలి (కడప)
ఇద్దరూ వాన పట్టుకుని ఉష్ణోగ్రతను వదిలేశారు. ఆల్-ఇన్-వన్‌లో ఎక్కువ దెబ్బతినేది అదే.
థర్మామీటరు నేల మీద 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలాడే తెల్లని గూట్లో ఉండాలి. ఆల్-ఇన్-వన్‌లో గూడంటే నాలుగైదు ప్లాస్టిక్ పళ్లేలు, వాటి నెత్తిన యంత్రం ఒళ్లు. ఏప్రిల్ పూట గాలి స్తంభించి ఎండ కాస్తే అది 2, 3 డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. జూన్‌లో గాలి మొదలయ్యాక తేడా దానంతటదే తగ్గుతుంది, దాంతో యంత్రం బాగైందని భ్రమపడతారు. కింద కాంక్రీటో, కడప బండలో ఉంటే అవి పగలు తాగిన వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటాయి. కాబట్టి కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది. నల్ల నీళ్ల ట్యాంకు, ఏసీ బయటి యూనిట్ దగ్గరలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.
తప్పు సెన్సరుదా, గూటిదా అన్నది ఇలా తేలుతుంది. నమ్మకమైన థర్మామీటరును మంచి గూట్లో పక్కనే పెట్టండి. తెల్లవారుజామున రెండూ కలిసి, మధ్యాహ్నం 2 గంటలకు 3 డిగ్రీలు తేడా వస్తే తప్పు గూటిది. అప్పుడు యాప్‌లో 3 డిగ్రీలు తగ్గించడం పెద్ద పొరపాటు. పగలు సరిపోతుంది, రాత్రి లెక్కంతా పాడవుతుంది. రాత్రీ పగలూ ఒకే తేడా ఉంటేనే యాప్‌లో సవరించాలి. గూటి తప్పుకు మందు చిన్న ఫ్యానున్న గూడు, లేదా పళ్లేలు ఎక్కువున్న విడి గూడు. ఎండకు పళ్లేలు పసుపెక్కాయంటే వేడిని ఎక్కువ పీలుస్తాయి. సబ్బునీళ్లతో కడగండి, థిన్నర్ ముట్టించొద్దు. కడిగినా తెల్లబడకపోతే మార్చెయ్యడమే.
తేమ సెన్సరుకు ఉప్పు పరీక్ష చాలు. చిన్న మూతలో వంట ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చిలకరించి, సెన్సరుతో కలిపి గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి. నీళ్లు ఎక్కువై ఉప్పు కరిగిపోకూడదు, సెన్సరుకు తగలకూడదు. 75 శాతం దగ్గర చూపించాలి. 5 కన్నా ఎక్కువ తేడా ఉంటే సవరించండి, 10 దాటితే సెన్సరు అయిపోయినట్టే.

నల్లమల_నీడ (నంద్యాల)
వానకు తిరిగే తొట్టి రకం (నిండగానే చిన్న తొట్టి పల్టీ కొడుతుంది, ఆ తిప్పులను లెక్కపెడుతుంది) కొనేవాళ్లకు. ముందు నోటి వ్యాసం కొలవండి. డేవిస్ వాంటేజ్ ప్రో2 ది 16.5 సెంటీమీటర్లు, అంటే సుమారు 214 చదరపు సెంటీమీటర్లు. 0.2 మిల్లీమీటర్లకు ఒక తిప్పు, దానికి 4.3 మిల్లీలీటర్ల నీళ్లు. పరీక్షకు అర లీటరు సీసా మూతకు సూదితో బెజ్జం పెట్టి, గంట సేపు కారేలా గరాటులోకి వదలండి. 23.4 మిల్లీమీటర్లు రావాలి, తిప్పుల్లో 117. 111కు 123కు మధ్య వస్తే ముట్టుకోకండి. ఎక్కువ వస్తే తొట్టి కింది స్క్రూలు రెండూ సమానంగా కొంచెం దించండి, తొట్టి నిండాక గాని తిరగదు. తక్కువ వస్తే ఎత్తండి. ఒక పక్కే తిప్పితే లెక్క చెడుతుంది. నీళ్లు గుమ్మరించి పరీక్షిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుకు 7 సెకన్లకో తిప్పు పడుతుంది. తొట్టి పల్టీ కొట్టే ఆ క్షణంలో కారే నీళ్లు లెక్కకు రావు. జోరువానకు అది తక్కువ చూపించే కారణం ఇదే.
మే నెలాఖరున తప్పకుండా విప్పాలి. వేసవి దుమ్ము మీద తొలకరి పడితే గరాటులో బురద గడుతుంది. సాలెగూడు ఒక్కటి చాలు బెజ్జం మూసెయ్యడానికి. మెత్తటి బ్రష్షుతో కడగాలి. తొట్టి లోపల వేలు పెట్టొద్దు, చేతి జిడ్డుకు నీళ్లు సరిగా జారవు. ఇరుసుకు నూనె వెయ్యొద్దు, దుమ్ము అంటుకుంటుంది.
ఇంకొకటి, మండలం లెక్కతో పోల్చేవాళ్లు గమనించాలి. ప్రభుత్వ లెక్క పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, యంత్రం లెక్క అర్ధరాత్రికి మారుతుంది. మనకు సెప్టెంబరు, అక్టోబరు వానలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి ఉరుములతో వచ్చేవి. రాత్రి 10 నుంచి 2 దాకా కురిసిన వాన ఒకరికి ఒక రోజు, మరొకరికి రెండు రోజులు. ఈ తేడాకు యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

చిత్రావతి_గట్టు
తొట్టి రకం విడిగా మిద్దె నడుమ, ఫ్యాను గూడు విడిగా, చేన్లో ఫైబరు మాపకం. ఇలా అనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో సెన్సరు రేడియో సంకేతం 433, 868, 915 మెగాహెర్ట్జ్ అని మూడు రకాలున్నాయి, ఏది? వాయుపీడనం 972 హెక్టోపాస్కల్స్ దగ్గర చూపిస్తే చెడినట్టా?

నల్లమల_నీడ
915 అమెరికా కోసం చేసింది, ఇక్కడ లైసెన్సు లేకుండా వాడే ఫ్రీక్వెన్సీ పట్టీ కాదు. 433 తీసుకోండి. సెన్సరు, లోపలి తెర రెండూ ఒకే రకం కావాలి. తర్వాత మార్చడం కుదరదు. పీడనం చెడలేదు. అనంతపురం సుమారు 340 మీటర్ల ఎత్తు కాబట్టి సముద్ర మట్టం లెక్క కన్నా 38 హెక్టోపాస్కల్స్ దాకా తక్కువే ఉంటుంది. సాపేక్ష పీడనం అన్న చోట ఆ తేడా కలపండి, అసలు పీడనాన్ని కదపొద్దు.

శింగనమల_చెరువు
అట్లయితే మిద్దె మీది వాన లెక్కను దేనికీ వాడొద్దు. చేన్లో దాన్నే నమ్మల్ల.

కొండారెడ్డి_బురుజు
మొత్తం వాన లెక్కకు చేను మాపకం, సరే. గంటకు ఎంత జోరు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది అన్నవి ఫైబరు డబ్బా చెప్పదు. మడికట్లు తెగేది మొత్తం వానకు కాదు, జోరుకు. ఒక సీజన్ రెండూ పక్కపక్కన రాయండి. గాలి నెలల్లో మిద్దెది ఎంత తగ్గుతుందో, అక్టోబరులో ఎంత తగ్గుతుందో విడివిడిగా చూడండి. రెంటికీ ఒకే గుణకం పెట్టొద్దు.

శింగనమల_చెరువు
ఊళ్లో పడిన వాన చేన్లో పడితే గదన్నా పోల్చేది! పోల్చల్లంటే చేన్లోనే రెండూ పెట్టల్ల. కరెంటు ఉండాది కాబట్టి సిమ్ వేసే రూటరు ఒకటి చాలు.