ఓజోన్ విరిగిపోతూ కూడా అయిపోకుండా ఎలా ఉంటోంది?

అందరికీ నమస్కారం. మా పాప చార్టు మీద వాతావరణ పొరలు గీస్తూ ఓజోన్‌కి బెత్తెడు మందాన నీలం పట్టీ వేసింది. ఆ ఓజోన్ అంతా నేల మట్టానికి తెచ్చి అదిమితే మందం సుమారు 3 మిల్లీమీటర్లేనని స్కేలు మీద చూపించాను. ఇద్దరం ఆ మూడు గీతలనే కాసేపు చూస్తూ ఉండిపోయాం.

సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు చాలా ఎత్తులోనే ఆగిపోతాయి, సరే. అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీ-సి మొత్తాన్నీ, యూవీ-బిలో చాలా భాగాన్నీ ఆక్సిజన్, ఓజోన్ పీల్చుకుంటాయి. యూవీ-ఎ చాలావరకు నేలదాకా వస్తుంది. ఇంతవరకు చెప్పగలిగాను.

అప్పుడు పాప అడిగింది: "కిరణం తగిలితే ఓజోన్ అణువు విరిగిపోతుంది కదా, సాయంత్రానికల్లా అయిపోదా?" విడిపోయిన ఆక్సిజన్ పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిసి మళ్లీ ఓజోన్ అవుతుందన్నాను. "మరి కిరణంలోని శక్తి ఎక్కడికి పోయింది?" అంది. వేడిగా మారిందన్నాను. ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత పెరిగేది ఇందుకేనా? అలాగైతే ఓజోన్‌ని తగ్గించే క్లోరిన్ చేరినప్పుడు, విరిగి మళ్లీ కలిసే ఈ చక్రం సరిగ్గా ఎక్కడ తెగుతుంది?

పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా ఎవరైనా వివరించగలరా? తనకి తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.